లోపల ఉన్న తూటాలు ఎవరివి

ఉగాది భోజనాల దగ్గర మన తుపాకుల దుకాణం మాట వచ్చిందట. "తూటాలు లోపల పెట్టుకుని లేవంటున్నాడు, రేటు పెరిగాక అమ్ముకుంటాడు" అన్నారట. అన్నదెవరో నాకు తెలుసు, ఆ పేరు ఇక్కడ అనవసరం. తూటాలు లోపల ఉన్న మాట నిజమే. అవి ఎవరివో, ఎందుకు ఆగాయో, ఇకమీదట కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో మీకు నేనే చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇంగ్లీషువాళ్లకు తలుపు మీద నాలుగు లైన్ల నోటీసు అంటించాను. మీకు అది చాలదు. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల నుంచి వచ్చే మన తెలుగువాళ్లలో చాలామందికి రైఫిల్ భుజానికి ఎలా ఆనించాలో మొదట చూపించింది నేనే, ఆ చనువు కొద్దీ కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందుగా, ఎయిర్ రైఫిల్ వాళ్లు టెన్షన్ పడనక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఊలిచ్‌లో కాంస్యం గెలవడం చూసి పిల్లల్ని క్లబ్బుల్లో చేర్పించినవాళ్లు మీలో ఉన్నారు. ఆ 10 మీటర్ల రైఫిల్‌కు ఇంగ్లండ్‌లో ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్, అంటే పోలీసులిచ్చే తుపాకీ లైసెన్సు, అక్కర్లేదు. అందులో వాడే పెల్లెట్లు, అంటే చిన్న గుళ్లు, ఎవరూ ఎక్కడా రాయరు. డబ్బాలు ఎప్పటిలాగే అరలో ఉన్నాయి. ఈ గొడవంతా .22, అంటే 0.22 అంగుళాల తూటాలు కాల్చే రైఫిల్ వాళ్లది.

50 మీటర్ల అంతర్జాతీయ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. కంపెనీ ఒకటే, పెట్టె ఒకటే, రేటు ఒకటే అయినా, ఒక లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మీ బ్యారెల్‌లోంచి ఆ వలయంలోకే పోతుంది, ఇంకో లాట్ పక్కకు చెదురుతుంది. అందుకే చలికాలంలో మీ రైఫిళ్లను బిగింపులో పెట్టి, లాట్లు మార్చి మార్చి కాల్చి, గ్రూపులు, అంటే వరుసగా కాల్చినవి ఎంత దగ్గరగా పడ్డాయో, కొలిచి చూశాం. ఎక్కువమందికి ఒకే లాట్ నప్పింది. అలా కుదరడం అరుదు.

ఆ లాట్‌లో రెండు కేసులు నా పేరున పక్కన పెట్టమని సప్లయర్‌కు చెప్పాను. కేసుకు పది బ్రిక్‌లు, బ్రిక్‌కు 500, మొత్తం 10,000 తూటాలు. మీరిచ్చిన అడ్వాన్సులకు నా డబ్బు కలిపి ముందే కట్టేశాను. లాట్ నంబర్ మెయిల్‌లో రాశాను, ఫోన్‌లో ఒక్కో అంకె చదివాను, అవతలి మనిషి తిరిగి చదివి వినిపించాడు. మార్చిలో రెండు కేసులూ వచ్చాయి. మొదటిది తెరిచాను, మన నంబరే. రెండోది తెరిచి బ్రిక్ అంచు మీది ముద్ర చూస్తే చివరి మూడు అంకెలు వేరు. ఏదో ఒకటి కలిసిపోయిందేమో అనుకుని పదీ బయటికి తీసి బల్ల మీద వరుసగా పేర్చాను. పదీ అంతే.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. "సరుకు అదే కదా, మీ కస్టమర్లకు తేడా తెలుస్తుందా?" అన్నాడు. నా కస్టమర్లకు! మంచులో రైఫిళ్లు మోసుకొచ్చి, చేతులు కొంకర్లు పోతున్నా ఒక్కో గ్రూపు కొలిపించుకున్నవాళ్లకు తేడా తెలియదట. గట్టిగా అడిగితే అసలు సంగతి మాటల్లో బయటపడింది. మన రెండో కేసు ఇంకో పెద్ద దుకాణానికి వెళ్లిపోయింది. వాళ్లు పెద్ద ఆర్డర్లు పెట్టేవాళ్లు, నేను రెండు కేసుల వాణ్ని. వెనక్కి తెప్పించమంటే "ఈపాటికి అమ్మేసి ఉంటారు" అన్నాడు. లాట్ అయిపోతే అయిపోయినట్టే, తర్వాత తయారయ్యేది ఇంకో లాట్. ఆ సప్లయర్ పేరు రాయను. అతనితో వ్యాపారం మాత్రం ఇక లేదు.

రెండో కేసు ఉంచుకోండి, తగ్గించి ఇస్తాను, ప్రాక్టీసుకు పోతాయి అన్నాడు. పోయేవే, మీలో సగం మంది తీసుకునేవాళ్లే. అయినా తిప్పి పంపేశాను. నా డబ్బు కొన్నాళ్లు అక్కడే ఇరుక్కుంది. "పంతానికి పోయి నష్టపోతున్నావ్" అంది మా ఆవిడ. నష్టం సంగతి సరే, ఆ పెట్టెలు నా అరలో కనబడితే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక చేతిలో మిగిలింది 5,000. బుక్ చేసుకున్న ప్రతి ఒక్కరికీ సగం సగం అన్నాను, మీరూ సరేనన్నారు. మిగతా సగం అడ్వాన్సు ఎవరిది వాళ్లకు వెనక్కి వేసేశాను. చిక్కంతా ఇద్దరి దగ్గర వచ్చింది. ఒకరు కొత్త రైఫిల్ చేర్పించుకోవడానికి, ఇంకొకరు తూటాల పరిమితి పెంచుకోవడానికి సర్టిఫికెట్లు పోలీసు లైసెన్సింగ్ విభాగానికి పంపారు. అవి తిరిగొచ్చేదాకా కొత్తవి కొనడానికి చూపించే కాగితం వాళ్ల చేతిలో లేదు. వాళ్లిద్దరి వాటా కలిపి 1,000. లోపల ఉన్నాయని మీరు విన్నవి ప్రధానంగా ఇవే.

లీగ్ మ్యాచ్‌లు దగ్గరపడ్డాయి. తీసుకున్నవాళ్లు తమవి కాల్చేసి, ఆ 1,000 కూడా తమకిమ్మని అడిగారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. మ్యాచ్ ఉన్నవాడికి తూటా లేదు, తూటా ఉన్నవాడికి కాగితం లేదు. పైగా నాకూ డబ్బు అవసరమే. చాలా రాత్రులు దీని మీదే పోయాయి. ఒక రాత్రి ఇచ్చేద్దామనీ, తెల్లారాక వద్దనీ. ఆ ఇద్దరూ అడ్వాన్సు అందరికంటే ముందు కట్టినవాళ్లు. కాగితం పోలీసుల దగ్గర ఆలస్యమైతే వాటా పోవాలా? ఈ లాట్ మళ్లీ రాదని తెలిసీ వాళ్లకు "తర్వాత చూద్దాం" అని ఎలా చెప్పను? చివరికి ఇవ్వలేదు. వాళ్ల పేర్ల చీటీలు అంటించి లోపల తాళం వేశాను. నా తాళంలో ఉన్నంతకాలం అవి నా స్టాకే, ఎవరి పరిమితిలోనూ లెక్కకు రావు.

అప్పుడొచ్చింది అసలు మాట. నేను అన్నయ్యా అని పిలిచే ఒక పాత కస్టమర్, ఆ ఇద్దరిలో ఒకరి గురించి, "నా సర్టిఫికెట్ మీద రాసెయ్, వాడికి నేనిచ్చుకుంటాను" అన్నారు. నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఆయన మోసం చేసే మనిషి కాదు, స్నేహితుడికి సాయం చేద్దామనే అన్నారు. కానీ ఆ సాయం నేరం. ఇది మీలో చాలామందికి తెలియదని అప్పుడే నాకు అర్థమైంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

1996లో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పిల్లలు, వాళ్ల టీచరు తుపాకీకి బలైపోయాక, 1997లో ఫైర్‌ఆర్మ్స్ చట్టాన్ని సవరించారు. మామూలు మనుషుల చేతుల్లోంచి పిస్టళ్లు దాదాపు పోయింది అప్పుడే. అదే సవరణలో ఇంకో నియమం పెట్టారు. సర్టిఫికెట్ మీద తీసుకోవాల్సిన తుపాకీ గానీ, తూటాలు గానీ మనిషికి మనిషి ఎదురుగా చేతికివ్వాలి. తీసుకునేవాడు సర్టిఫికెట్ చూపించాలి. ఇచ్చేవాడు అందులో ఉన్న సూచనల ప్రకారం నడుచుకోవాలి, అంటే తూటాల పట్టికలో నమోదు చేసి సంతకం పెట్టాలి. "ఇచ్చేవాడు" అంటే డీలర్ ఒక్కడే కాదు. అన్నయ్య తన స్నేహితుడికి ఒక్క పెట్టె ఇచ్చినా, డబ్బు తీసుకోకపోయినా, ఆ స్నేహితుడి సర్టిఫికెట్ మీద ఆయనే రాయాలి. ఆ కాగితం పోలీసుల దగ్గర ఉంటే ఎక్కడ రాస్తారు?

ఇంకో అపోహ కూడా తీసేస్తాను. పట్టికలో రాసేది కొన్న లెక్క మాత్రమే, కాల్చిన లెక్క ఎవరూ రాయరు. సర్టిఫికెట్‌లో ప్రతి క్యాలిబర్‌కూ (తూటా సైజుకూ) రెండు అంకెలుంటాయి. ఒకేసారి ఎన్ని కొనొచ్చు, ఏ సమయంలోనైనా మొత్తం ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు అని. ఉదాహరణకు 1,000, 1,500 అని ఉందనుకోండి. మీ బీరువాలో ఇప్పటికే 900 ఉంటే, కొనే పరిమితి 1,000 అయినా నేనిచ్చేది 600 దాటకూడదు. బీరువాలో ఎన్నున్నాయో నా కంటికి కనపడదు, పట్టిక చూసి చెప్పలేను, మీరే చెప్పాలి. పరిమితికి మించి ఉంటే ఆ ఎక్కువ తూటాలు సర్టిఫికెట్ లేకుండా ఉంచుకున్నట్టే. సొంతంగా తూటాలు నింపుకునే సెంటర్‌ఫైర్ (ఖాళీ తొడుగును మళ్లీ నింపుకోగల రకం తూటాల) వాళ్లకు కూడా ఒక మాట. ఇంట్లో నింపినవి పట్టికలోకి ఎక్కవు గానీ, ఉంచుకునే పరిమితిలో లెక్కకు వస్తాయి.

"తర్వాత వచ్చినప్పుడు రాసుకో", "సగం ఇవాళ్టి తేదీ, సగం వచ్చే వారం తేదీ వెయ్" అని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. నా రిజిస్టర్‌లో ప్రతి అమ్మకం 24 గంటల్లోపు ఎక్కాలి. మీ పట్టికలో ఒక తేదీ, నా రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. నా డీలర్ రిజిస్ట్రేషన్ మూడేళ్లకోసారి రెన్యూ కావాలి. అది పోతే దుకాణమే లేదు. "మనూరివాళ్లమే కదా, ఎవరు చూస్తారు?" అన్న మాట నన్ను బాగా నొప్పించింది. ఇండియాలో లైసెన్సు ఉన్నవాళ్లు మీలో ఉన్నారు, అక్కడా కొన్న తూటాలు ఎక్కించకుండా ఏ డీలరూ ఇవ్వడు. అక్కడ అడగని మాట ఇక్కడ నన్ను అడగడం ఏమిటి?

కాబట్టి ఇకనుంచి ఎవరికైనా ఒకటే పద్ధతి. అసలు సర్టిఫికెట్ కౌంటర్ మీద పెట్టాకే పెట్టెలు బయటికొస్తాయి. ఫోన్‌లో ఫొటో, జిరాక్స్, "పోయినసారి చూశావు కదా" అనే మాట, ఇవేవీ చెల్లవు. మీ ముందే రాస్తాను, తేదీ, క్యాలిబర్, ఎన్ని అనేవి మీరూ ఒకసారి చదువుకోండి. పట్టిక నిండిపోవచ్చిందనిపిస్తే ముందే లైసెన్సింగ్ విభాగానికి చెప్పండి, చివరి గడి దాకా ఆగొద్దు. ఊరు మారినవాళ్లు అడ్వాన్సు ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, సరుకు మీ దగ్గర్లోని డీలర్‌కు పంపుతాను, అక్కడ ఆయన ఎదురుగా మీ చేతికిచ్చి రాస్తారు. ఆయన తీసుకునే ఖర్చు మీదే.

రేటు పెంచడం లేదు. బుక్ చేసినప్పటి రేటుకే ఆ 1,000 ఇస్తాను, ఎన్నాళ్లయినా సరే. కొత్త సప్లయర్‌తో మాట్లాడాను. శాంపిల్ లాట్లు వచ్చాక మళ్లీ రైఫిళ్లు తెమ్మని కబురు పెడతాను. ఈసారి ప్రతి బ్రిక్ ముద్ర చూసుకున్నాకే బిల్లు కడతానని రాయించుకున్నాను. ఆయనకు నచ్చలేదు గానీ ఒప్పుకున్నాడు.

ఇంకో 250 కూడా లోపల ఉన్నాయి. అవి అన్నయ్యవే. ఆ రోజు తన వాటా కూడా కౌంటర్ మీదే వదిలేసి వెళ్లిపోయారు. డబ్బు కట్టేశారు, సర్టిఫికెట్ ఆయన దగ్గరే ఉంది. దుకాణం ఎప్పుడు తెరిచి ఉంటుందో ఆయనకు తెలుసు, వచ్చి తీసుకోవచ్చు. నేను మాత్రం ముందుగా ఫోన్ చేయను.