ఆకాశపు ఎక్స్‌రే మన పిల్లలకూ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఇరవై ఆరేళ్లుగా విశాఖలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రెండు వారాల కింద మణికట్టు విరిగి ఒక పదో తరగతి అమ్మాయి మా గదికి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి. స్క్రీన్ మీద తన ఎముకలు కనబడగానే, "ఆకాశానికి కూడా ఎక్స్‌రే తీస్తారంట కదా అంకుల్, ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. నాకు తెలిసింది నాలుగు ముక్కలు చెప్పాను. తెలుగులో ఇంకా తెలుసుకోవాలంటే ఎక్కడికెళ్లాలో మాత్రం చెప్పలేకపోయాను.

మేం ఎక్స్‌రేలు పంపి ఎముకల నీడ పడతాం. ఆకాశంలో అలా కాదు, ఎక్స్‌రేలు అక్కడి నుంచే వస్తాయి. వాటితో ఏం తెలుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1983లో ఐరాస్ (IRAS) అనే ఉపగ్రహం పరారుణ కాంతిలో, అంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో, ఆకాశాన్ని గాలిస్తే, మామూలు కాంతిలో మసకగా కనబడే కొన్ని గెలాక్సీలు విపరీతంగా వెలుగుతూ దొరికాయి. వాటిలో కొన్నిటి వెలుగు లక్ష కోట్ల సూర్యుళ్లను మించింది. రెండు గెలాక్సీలు ఢీకొని కలిసిపోతున్న చోట్లే ఎక్కువ. లోపలి వెలుగును దుమ్ము తాగేసి, వేడెక్కి, పరారుణ కాంతిగా వదులుతుంది. మరి ఆ దుమ్ము వెనక ఉన్నది కొత్తగా పుడుతున్న నక్షత్రాలా, చుట్టూ ఉన్న వాయువును లాక్కుంటున్న కృష్ణబిలమా (బ్లాక్ హోల్)? కృష్ణబిలంలోంచి వెలుగు రాదు గానీ, అందులో పడబోయే వాయువు కాగిపోయి ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. వాటిని పట్టుకుంటే గుట్టు తెలుస్తుంది.

ఇది నాకు బాగా తెలిసిన సంగతే. చేతి వేళ్లకు ఎక్స్‌రే మిషన్‌లో 50 కేవీ (కిలోవోల్టులు) చాలు. లావుపాటి మనిషి నడుముకు 85, 90 పెట్టకపోతే ఫిల్ము తెల్లగా వస్తుంది, ఏమీ కనబడదు. దట్టమైన వాయువులోనూ అంతే, తక్కువ శక్తి ఎక్స్‌రేలు ఇంకిపోతాయి, ఎక్కువ శక్తివి తోసుకుని బయటికొస్తాయి. 2012లో ఎగిరిన నూస్టార్ అనే ఎక్స్‌రే టెలిస్కోపు 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రేల శక్తికి కొలత) దాకా చూడగలదు. మా మిషన్ వాడేదీ దాదాపు ఆ శక్తే. ఈ మాట తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అంతకుముందే, 2002లో, మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర టెలిస్కోపు ఎన్‌జీసీ 6240 అనే గెలాక్సీ నడిబొడ్డున ఒకటి కాదు, రెండు కృష్ణబిలాలు చురుగ్గా ఉన్నాయని చూపింది.

ఇదంతా విశాఖకు ఎందుకంటారా? గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే ఈ ఊళ్లో సొంత ఖర్చుతో నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే చూసి లెక్కలు రాశారు. ఇప్పుడు ఊరి మధ్యనున్న డాబాగార్డెన్స్‌లో టెలిస్కోపు పెడితే వీధి దీపాల వెలుగు, సముద్రపు తేమ ఏదీ సరిగా చూడనివ్వవు. ఎక్స్‌రేలకు ఆ బాధ లేదు. గాలి వాటిని ఎలాగూ కిందికి రానివ్వదు, ఉపగ్రహమే పట్టుకోవాలి. ఆ సమాచారం కొంతకాలానికి అందరికీ ఉచితంగా తెరుస్తారు. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ అనే ఖగోళ ఉపగ్రహం సమాచారాన్ని ఇస్రో 2018లో అలాగే తెరిచింది. అమెరికాలో పరిశోధకుడు చూసే బొమ్మనే గాజువాక పిల్లాడూ వానాకాలంలో కూర్చుని చూడొచ్చు.

కావలసింది ఒక గది, నాలుగు కంప్యూటర్లు, తెలుగులో ఓపిగ్గా చెప్పే మనిషి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నెలకో ఆదివారం పెట్టినా చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ అధ్యాపకులు, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అధికారులు కలిసి ఆలోచించాలని వేడుకుంటున్నాను. మీ పత్రికకూ ఒక విన్నపం. కృష్ణబిలం వార్త వేసినప్పుడు "భూమిని మింగేస్తుందా" అనే శీర్షిక వద్దు. దాన్ని ఎలా కనిపెట్టారో పది లైన్లు వేయండి. పిల్లలు కత్తిరించి దాచుకుంటారు.

ఆ అమ్మాయి కట్టు విప్పాక వచ్చే నెల మళ్లీ ఎక్స్‌రేకి వస్తుంది. ఆదివారం ఎక్కడికి వెళ్లాలో ఈసారైనా ఆ పిల్లకు చెప్పాలని ఉంది.

– ఒక ఎక్స్‌రే టెక్నీషియన్, మద్దిలపాలెం, విశాఖపట్నం