స్ప్రింగు కొలత తెలుగులో రాయండి

సంపాదకులకు,

వానలకు ఆయిల్ పామ్ తోటల్లో గడ్డి మోకాలెత్తు లేచేసరికి మా జంగారెడ్డిగూడెం వైపు స్లాషర్లన్నీ, అంటే ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి కోసే యంత్రాలన్నీ, ఒక్కసారే బయటికొస్తాయి. ఆ వెనకే గేర్ బాక్సు పళ్లు విరిగినవి, ట్రాక్టర్ శక్తిని స్లాషర్‌కు అందించే పీటీవో షాఫ్టు మెలితిరిగినవి నా షెడ్డుకు చేరతాయి. స్లిప్ క్లచ్ సరిగ్గా ఉంటే వీటిలో చాలావరకు రావు.

గడ్డిలో కనపడని రాయికో, మొద్దుకో, పుట్టకో బ్లేడు తగిలినప్పుడు ఆ దెబ్బ గేర్ బాక్సు మీద పడకుండా జారిపోవడమే ఆ క్లచ్ పని. స్ప్రింగులు నొక్కి పట్టిన ప్లేట్లే అందులో జారేవి. నెలల తరబడి చెమ్మలో వదిలేస్తే లోపలి ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. పైకి ఏమీ తెలియదు.

అందుకే సీజన్ మొదట్లో ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, స్ప్రింగు నట్లన్నీ సమానంగా రెండేసి చుట్లు వదులు చేయాలి. ప్లేట్ల అంచుల మీదుగా అడ్డంగా ఒక గీత పెట్టాలి. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి పీటీవో రెండు మూడు సెకన్లు వేసి తీసేయాలి. మళ్లీ ఇంజన్ ఆపి, అంతా నిలిచాక చూస్తే గీత తెగి పక్కకు జరిగి ఉండాలి. జరగలేదంటే క్లచ్ విప్పి తుప్పు గీకాల్సిందే. జరిగితే నట్లు మళ్లీ అన్నే చుట్లు బిగించాలి, ఒక్క చుట్టు కూడా ఎక్కువ వద్దు.

మొన్న వచ్చిన ఒక స్లాషర్‌లో స్ప్రింగు చుట్ల మధ్య గోరు కూడా దూరలేదు. క్లచ్ నుంచి పొగ వస్తోందని డ్రైవర్ నట్లు చివరికంటా బిగించేశాడు. అలా బిగిస్తే క్లచ్ ఉన్నా లేనట్టే. పొగ వస్తే ముందు ప్లేట్ల అరుగుదల, స్ప్రింగు పొడవు చూడాలి. కొందరు ప్లేట్లకు గ్రీజు కూడా పూస్తున్నారు. ఎట్టి పరిస్థితిలోనూ పూయకూడదు, పట్టు పోయి ప్లేట్లు మాడిపోతాయి.

స్ప్రింగు ఎంత పొడవుండాలో మోడల్‌ను బట్టి మారుతుంది. ఆ కొలత ఇంగ్లిష్ పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకమేమో రైతు చేతికి రాదు. 2014-15 నుంచి కేంద్ర పథకం కింద యంత్రాలకు రాయితీ ఇస్తున్నారు. రాయితీ ఇచ్చే ప్రతి స్లాషర్ మీద స్ప్రింగు పొడవును మిల్లీమీటర్లలో, తెలుగులో రాసిన స్టిక్కర్ అతికించాలని వ్యవసాయ శాఖ షరతు పెట్టాలి. అప్పగించే రోజున డీలర్ రైతు ముందే గీత పెట్టి చూపించాలి. మంచి శిక్షణ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది గానీ, మా డ్రైవర్లు అంత దూరం వెళ్లలేరు. వానాకాలానికి ముందు మండలానికి ఒక పూట శిక్షణ పెట్టినా చాలు. ఈలోగా మీ వ్యవసాయ పేజీలో ఆ కొలత తీసే పద్ధతిని బొమ్మతో వేయగలరని కోరుతున్నాను.

— ఒక ట్రాక్టర్ మెకానిక్,
జంగారెడ్డిగూడెం, ఏలూరు జిల్లా