జ్వరం తగ్గినంత మాత్రాన ఇన్ఫెక్షన్ పోయినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు పిల్లలు ఎక్కువగా ఉండే పీజీల చుట్టుపక్కల కొన్ని మందుల షాపుల్లో జ్వరం, గొంతునొప్పి అంటే చాలు. డాక్టర్ చీటీ అడగరు. నాలుగు డైక్లోఫెనాక్ (వాపు, నొప్పి తగ్గించే మందు), రెండు యాంటీబయాటిక్ మాత్రలు కత్తిరించి కాగితం కవర్లో వేసిస్తారు. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. రేపు ఆ పిల్లాడు ఆస్పత్రికి వెళ్తే ఏం మింగాడో డాక్టరుకు ఎలా చెప్పాలి?

వాపు, నొప్పి తగ్గించే మందులు జ్వరాన్ని దించుతాయి కాబట్టి లోపల బ్యాక్టీరియా ముదురుతున్నా తెలియదు. ఇదే కోవకు చెందిన ఐబుప్రొఫెన్, కీటోప్రొఫెన్‌లతో కొన్ని ఇన్ఫెక్షన్లు తీవ్రం కావచ్చని ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2019లోనే హెచ్చరించింది. మరో కోణమూ ఉంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉన్న 494 మంది మహిళలపై జర్మనీలో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఐబుప్రొఫెన్‌తో మొదలుపెట్టిన వారిలో మూడింట రెండు వంతుల మందికి యాంటీబయాటిక్ అవసరమే రాలేదు. కానీ మొదటే యాంటీబయాటిక్ వాడిన వారికంటే మొత్తం మీద వాళ్లే ఎక్కువ బాధపడ్డారు. పైగా అదంతా డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది. షాపు కౌంటర్ దగ్గర ఆ పర్యవేక్షణ ఎక్కడిది?

కర్ణాటక ఔషధ నియంత్రణ అధికారులు ఈ షాపులను తనిఖీ చేయాలి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకుండా చూడాలి. విడి మాత్రలు ఇచ్చినా కవరు మీద మందు పేరు, మోతాదు రాసి, బిల్లు ఇచ్చేలా చేయాలి.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు