నా ఓటు హేలీకి, మా అమ్మ ఓటు వేరే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ టీవీ పేజీలో 'మీకు బాగా నచ్చిన సీరియల్ పాత్ర ఎవరు, ఎందుకు' అని పాఠకుల్ని అడిగారు. ఈ వారం వేసిన జవాబులన్నీ చదివాను. అందరూ కోడళ్ళ పేర్లే రాశారు, ఇద్దరు మాత్రం ధైర్యం చేసి అత్తగారి పేరు రాశారు. తప్పేం లేదు, తెనాలిలో అమ్మ పక్కన కూర్చుని చూసే రోజుల్లో అడిగుంటే నేనూ అలాంటి పేరే ఏదో చెప్పేదాన్ని. ఇప్పుడైతే నా జవాబు హేలీ క్రాపర్. మన సీరియల్ కాదు, ఇంగ్లండుది. మగపిల్లాడిగా పుట్టి ఆడమనిషిగా బతికిన పాత్ర, మన పేపర్ల భాషలో ట్రాన్స్ మహిళ. ఉత్తరం కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా మాటలు కత్తిరించండి గానీ మా అమ్మ మాటలు ఉంచండి.

2008లో వెళ్ళి ఏడేళ్ళు మాంచెస్టర్ పక్కన బోల్టన్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేశాను. ముసలివాళ్ళకి స్నానాలు, మందులు, టీలు, పక్కలు మార్చడం, ఇదీ పని. అక్కడివాళ్ళకి 'కరోనేషన్ స్ట్రీట్' అంటే మన ఇళ్ళల్లో సాయంత్రం దీపం పెట్టడం లాంటిది, తప్పదు. 1960 డిసెంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తున్న సీరియల్ అది. కథంతా వెదర్‌ఫీల్డ్ అని ఒక లేని ఊళ్ళో, ఒక వీధిలో జరుగుతుంది, పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌ని చూసి రాసుకున్న ఊరది. అది వచ్చే రోజుల్లో ఏడుంపావుకల్లా మాత్రలు వేయించెయ్యాలి, ఏడున్నరకి చక్రాల కుర్చీలన్నీ టీవీ వైపు తిరిగిపోయేవి, ఆ తర్వాత బీపీ చూస్తానన్నా చెయ్యి ఇచ్చేవాళ్ళు కాదు.

నేను చేరేటప్పటికే హేలీ ఆ వీధికి వచ్చి పదేళ్ళయింది. రాయ్ అనే ఆయన భార్య. రాయ్‌ది చిన్న కేఫ్, పేరు రాయ్స్ రోల్స్. నలుగురిలో మాట కలపడం చేతకాని మనిషి, రైళ్ళంటే పిచ్చి, చేతిలో ఎప్పుడూ ఒక పాత సంచీ. హేలీ ఎర్ర కోటు వేసుకుని లోదుస్తులు కుట్టే ఫ్యాక్టరీకి పోయేది, వచ్చాక కేఫ్‌లో రాయ్‌కి సాయం చేసేది. మూడు నాలుగు నెలలు చూశాక కూడా నాకు అసలు సంగతి తెలీదు. కుర్రతనంలో నూలుమిల్లులో చేసిన పెద్దావిడ ఒకరుండేవారు, నా పక్కనే కూర్చునేవారు. బిస్కట్ టీలో ముంచుకుంటూ మాటల్లో మాటగా చెప్పారు, ఈ పిల్ల పుట్టినప్పుడు పేరు హెరాల్డ్ అని. పాపం ఆవిడకి మతి తప్పి ఇంకేదో కథ ఇందులో కలుపుతున్నారనుకున్నాను.

ఇంటికెళ్ళి వెతికితే నిజమే. 1998 జనవరిలో ఆ పాత్ర మొదలైంది. రాయ్‌కి ఎవరితోనూ పొసగకపోవడం మీద నాలుగు నవ్వులు పండించాలని, కొన్ని వారాలకని తెచ్చిన పాత్ర. బ్రిటిష్ సీరియళ్ళలో రోజూ కనపడే పాత్రగా ట్రాన్స్ మనిషి రావడం అదే మొదలు. హేలీ నిజం చెప్పగానే రాయ్ బెదిరిపోయాడు, ఆవిడ ఆపరేషన్‌కి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిపోయింది, ఈయన వెతుక్కుంటూ వెనకాలే వెళ్ళాడు. 1999లో పెళ్ళిలాంటిది ఒకటి కేఫ్‌లోనే చేసుకున్నారు. పెళ్ళిలాంటిది అని ఎందుకంటున్నానంటే అప్పటి చట్టం ప్రకారం హేలీ ఆడమనిషి కాదు, ఆ పెళ్ళి చెల్లదు. పుట్టిన సర్టిఫికెట్‌లో మార్పుకి వీలు కల్పించే చట్టం అక్కడ 2004లో వచ్చింది. వీళ్ళు చట్టబద్ధంగా పెళ్ళి చేసుకుంది 2010లో, అది నేను హోమ్‌లో అందరితో కలిసి చూశాను, ఆవిరి రైలుతో సహా. కొన్ని వారాల పాత్ర పదహారేళ్ళు ఉండిపోయింది.

మా హోమ్‌లో ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు ఉండేవాడు. నోటికి అదుపు లేదు. నన్నూ, ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిల్నీ ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు, టీవీలో ఇద్దరు మగవాళ్ళు దగ్గరగా నిలబడితే చాలు రిమోట్ కోసం తడుముకునేవాడు. ఆయన హేలీని మాత్రం ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. మంచి పిల్ల అనేవాడు. ఇదెలా కుదురుతుందని నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆయన లెక్కలో హేలీ 'అలాంటివాళ్ళ' కింద రాదన్నమాట, వీధి చివర కేఫ్‌లో ఉండే మనిషి, అంతే. సినిమాలో రెండు గంటలు చూసి చప్పట్లు కొట్టి మర్చిపోతాం, సీరియల్లో మనిషి వారానికి ఐదుసార్లు మన ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది, ఆవిడ టీ పెట్టడం, జలుబు చెయ్యడం, కరెంటు బిల్లు గురించి మొగుడితో గొణగడం చూస్తూ చూస్తూ అలవాటైపోతాం. పదిసార్లు బుద్ధులు చెప్పినా ఆ డ్రైవరు మారేవాడు కాదు.

2014 జనవరి 20, సోమవారం. హేలీకి క్లోమానికి క్యాన్సర్ అని అంతకు కొన్ని నెలల ముందే కథలో తెలిసింది. చివరి రోజుల్లో మార్ఫిన్ మత్తులో తను ఎవరో మర్చిపోయి మళ్ళీ హెరాల్డ్‌ని అయిపోతానేమోనని ఆవిడ భయం. అందుకే తెలివిలో ఉండగానే, తన పక్కమీదే, రాయ్ పక్కన ఉండగా మందు కలుపుకుని తాగింది. ఆత్మహత్యని చూపించడం మీద అక్కడ పెద్ద చర్చే జరిగింది, నాకూ ఇబ్బందిగానే అనిపించింది, చివరి రోజుల్లో ఉన్న మనుషుల మధ్య ఉద్యోగం చేసేదాన్ని కదా. కానీ ఆ భయం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. మతిమరుపు వచ్చినవాళ్ళు చిన్నప్పటికి వెళ్ళిపోవడం మేం రోజూ చూసేవాళ్ళం. ఎంతో కష్టపడి వదిలించుకున్న చిన్నతనం మళ్ళీ వచ్చి మీద కూర్చుంటుందేమోనన్న భయం ఇంకెవరికి ఉంటుంది చెప్పండి, ఆ రాసిన మహానుభావులెవరో గానీ అది అసలు మనిషిని పట్టుకుని రాసిన ముక్క.

మా హోమ్‌లో ఎవరు ఎంత నీళ్ళు, ఎంత టీ తాగారో గంట గంటకీ ఒక కాగితంలో రాయాలి. ఆ రాత్రి తొమ్మిదింటికి కప్పులు తీసుకెళ్దామని వస్తే పద్నాలుగు కప్పులూ నిండుగా ఉన్నాయి, పైన మీగడ కట్టేసింది. డ్రైవరు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కాగితం నిండా సున్నాలు రాసి, పక్కన కారణం అన్నచోట 'హేలీ' అని రాశాను. పొద్దున మేనేజరు చూసి ఏమీ అనలేదు.

మెచ్చుకోవడమే కాదు, ఒక చిక్కు కూడా చెప్పాలి. హేలీగా వేసిన జూలీ హెస్మండ్‌హాల్ష్ గొప్ప నటే, కానీ ట్రాన్స్ మనిషి కాదు. ఆ పాత్రకి 1998లో సలహాలిచ్చిన ఆనీ వాలెస్ ట్రాన్స్ మహిళ. ఆవిడకి తనే రోజూ కనపడే పాత్రగా తెరమీదకి వచ్చే అవకాశం 2015లో 'హాలీఓక్స్' అనే ఇంకో సీరియల్లో వచ్చింది, స్కూల్ హెడ్‌మిస్ట్రెస్ పాత్ర. సలహా ఇవ్వడానికి పనికొచ్చిన మనిషి నటించడానికి పనికిరావడానికి పదిహేడేళ్ళు పట్టింది. ఇంకో విచిత్రం, కరోనేషన్ స్ట్రీట్‌ని సృష్టించిన టోనీ వారెన్ స్వయంగా గే. 1960లో అక్కడ అది జైలుకి పంపే నేరం, 1967 దాకా. ఆయన పుట్టించిన వీధిలో టాడ్ అనే కుర్రాడు గే అన్న కథ రావడానికి 2003 అయింది!

మిగతా సీరియళ్ళలో వచ్చిన గే పాత్రల గురించి ఎక్కువ రాయను. బీబీసీ వాళ్ళ 'ఈస్ట్ ఎండర్స్'లో 1986లోనే కోలిన్ ఉన్నాడు, పేపర్లు దుమ్మెత్తిపోశాయి, ఆ పాత్ర వేసిన మైకేల్ కాష్‌మన్ తర్వాత యూరప్ పార్లమెంటుకీ, హౌస్ ఆఫ్ లార్డ్స్‌కీ వెళ్ళాడు. 'బ్రూక్‌సైడ్'లో 1994లో ఇద్దరమ్మాయిల ముద్దు. ఆస్ట్రేలియాలో 1972లోనే 'నంబర్ 96'లో డాన్ అనే లాయరు. అమెరికాలో 2007లో 'యాజ్ ద వరల్డ్ టర్న్స్'లో ల్యూక్, నోవా. ఇవన్నీ ఎక్కడ చదివినా 'మొదటి ముద్దు' అనే రాస్తారు, ఏ సంవత్సరం, ఏ ఛానల్, ఎన్ని సెకన్లు. ముద్దుల లెక్క వదిలేసి, ఆ పాత్ర ఆ వీధిలో ఎన్నాళ్ళు కాపురం చేసింది, ఎన్నిసార్లు పక్కింటికి చక్కెర అప్పు ఇచ్చింది అని ఎవరైనా లెక్క కడితే బాగుండు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఈస్ట్ ఎండర్స్‌లో మసూద్ వాళ్ళని ఒక పాకిస్తానీ కుటుంబం ఉండేది, నాన్న పోస్ట్‌మన్, అమ్మ జైనబ్. పెద్దకొడుకు సయ్యద్, నమాజు చేసే కుర్రాడు, క్రిస్టియన్ అనే అబ్బాయిని ప్రేమించాడు, కానీ 2010 జనవరి ఒకటిన అమీరా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అప్పట్లో కాలింగ్ కార్డు గీకి ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్ చేసేదాన్ని, నాన్నకి చెప్పడానికి ఏమీ ఉండదు, అమ్మకి మాత్రం సీరియల్ కథ కావాలి. భయపడుతూనే ఇది చెప్పాను. ఛీ అంటుందనుకున్నా. అమ్మ కాసేపు ఆగి అడిగింది: "ఏమే, పెళ్ళినాటికి తల్లికి తెలుసా, తెలీదా?" తెలుసమ్మా అన్నాను. "మరి నోరు మూసుకుని అక్షింతలు ఎలా వేసిందే? ఆ పిల్లనెందుకు బలి చేశారు? వాడు చెప్పలేడు, కుర్రనాగన్న, ఆవిడకేమైంది?"

అంతే. సయ్యద్‌ని తిట్టలేదు. ఆవిడకి బాధ అమీరా గురించి, కోపం జైనబ్ మీద. ఆ తర్వాత రెండేళ్ళూ ప్రతి ఆదివారం మొదటి ప్రశ్న, జైనబ్ దిగొచ్చిందా అని. నిజం బయటపడి ఇంట్లోవాళ్ళు సయ్యద్‌ని దూరం పెట్టినప్పుడు "నాలుగు రోజులు ఆగు, తల్లి కదా" అంది. నిష్ఠూరాలాడుతూ కొడుకు ఎక్కడున్నాడో కనుక్కునే తల్లి కథ చెప్తుంటే "అచ్చం మీ పెద్దత్తయ్యేనే" అనేది. 2012లో సయ్యద్, క్రిస్టియన్ ఇద్దరూ కలిసి సయ్యద్ పాపని తీసుకుని ఊరొదిలి వెళ్ళిపోయారని చెప్తే, అప్పుడు ఏడ్చింది. హేలీ గురించి చెప్పినప్పుడైతే ఒక్కటే అడిగింది, "ఆయనకి అది మొదటి పెళ్ళేనా?" అని. సంబంధం చూసే కన్ను ఎక్కడికి పోతుంది!

ఇలాంటి పాత్రలు పెడితే 'మన ఆడవాళ్ళు చూడరండీ' అని మన సీరియళ్ళవాళ్ళు అంటారని విన్నాను. మా అమ్మ ఎనిమిదో తరగతి చదివింది. ఆవిడే ఫోన్లో అంత ఇదిగా వినగలిగితే ఇంకెవరు చూడరో నాకు తెలీదు. హిందీలో 2016లో 'శక్తి' వచ్చింది, సౌమ్య అనే కిన్నర్ (హిజ్రా) కోడలు, ఐదేళ్ళు నడిచింది. నేను కొంత చూశాను. సౌమ్యగా వేసిన రుబీనా బాగా చేసింది గానీ ఆ పిల్లకి కష్టాలే కష్టాలు, ఒక్కరోజు తీరిగ్గా కూర్చుని కాఫీ తాగనివ్వరు. హేలీతో పోలిస్తే నాకు అదే లోటు. తెలుగులో మాత్రం నాకు కనిపించింది చెయ్యి వంచి, నడుం తిప్పి, వెనక టుయ్ మని మ్యూజిక్ పడే మగపాత్ర, లేదా పెళ్ళి సీన్లో చప్పట్లు కొట్టి డబ్బులడిగే గుంపు. 'తేడా', 'పాయింట్ ఫైవ్' అని ఒక డైలాగు. ఏ సీరియలో రాయను, పేరు రాస్తే మీరు వెయ్యరు.

2021లో బిగ్ బాస్ తెలుగు ఐదో సీజన్‌లో ప్రియాంక సింగ్ ఉంది కదా, అందరూ పింకీ అనేవాళ్ళు, ట్రాన్స్ మహిళ, అంతకుముందు జబర్దస్త్‌లో ఆడవేషాలు వేసేది. మూడు నెలలు ఉంది ఆ ఇంట్లో. నేను తిరిగొచ్చేసి హైదరాబాద్‌లో ఉంటున్నాను అప్పటికి. అమ్మ ఫోన్ చేసి "ఆ పింకీకి ఓటెలా వెయ్యాలే, ఈ ఫోన్లో నొక్కితే ఏదో అడుగుతోంది" అంది. ఎందుకమ్మా ఆ అమ్మాయికే అంటే, "అందరికీ వండి పెడుతోంది, దాని మొహం వాడిపోయింది" అంది. ఇంకేమీ అనలేదు. వారం వారం వేసింది.

ఈ ఉత్తరం రాస్తున్నానని చెప్పి, నీకు నచ్చిన పాత్ర ఎవరమ్మా అని ఇవాళ పొద్దున ఫోన్లో అడిగాను. కోడలి పేరో, పింకీ పేరో చెప్తుందనుకున్నా. ఒక్క ఎపిసోడ్ కూడా కళ్ళతో చూడని మనిషి పేరు చెప్పింది. నా ఓటు హేలీకి రాసుకోండి. మా అమ్మది జైనబ్‌కి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్