దుంపలు పంచుకున్న ఏడాది: మన తోటల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం చేసిన పనులను మీ ముందుంచుతున్నాను. ఆకుకూరల విత్తనాల పంపిణీ, కంపోస్టు తొట్ల నిర్వహణ ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు వాసనపూల దుంపలకే ఇస్తున్నాను. ఏడాది పొడవునా మిద్దెతోటల వాళ్లనూ పెరటితోటల వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టినవి అవే.

రాజమహేంద్రవరంలో ఉంటూ కడియం నర్సరీలకు వెళ్ళని వాళ్ళెవరు? కావలసిన మొక్క ఏదైనా అక్కడ దొరుకుతుంది కాబట్టి, కొని తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. ఈసారి కార్యవర్గం కొనడం తగ్గించి, పెంచి పంచుకుందామని తీర్మానించింది. అందుకు లిల్లీని మించిన మొక్క లేదు. మన దండల్లో, కడియపులంక పూలమార్కెట్‌లో కనిపించే తెల్ల లిల్లీనే, పెద్దవాళ్ళు నేలసంపెంగ అనే పువ్వునే చెబుతున్నాను. మెక్సికోలో పుట్టిన ఈ మొక్క మన ఎండకు బాగా అలవాటుపడింది. ఒక దుంప నాటితే ఏడాది తిరిగేసరికి చుట్టూ పిల్లదుంపలతో గుబురవుతుంది. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, ఆ తర్వాత పూసేవి దాని పిల్లలే. రెండు మూడేళ్ళకోసారి తవ్వి విడదీయకపోతే అవి ఒరుసుకుని పూత తగ్గిపోతుంది. అలా విడదీసిన దుంపలు ఒక ఇంటి అవసరానికి మించే ఉంటాయి. మన పంపకమంతా దాని మీదే నడిచింది.

ఒకే వరస రేకులుండే రెక్క లిల్లీయా, రేకులు దొంతరగా ఉండే ముద్ద లిల్లీయా అన్న చర్చ సమావేశాల్లో బాగానే సాగింది. ముద్దరకం కంటికి నిండుగా ఉంటుంది, కాడతో సహా కోసి కూజాలో పెట్టుకోవడానికి బాగుంటుంది. వాసన కావాలంటే మాత్రం రెక్కరకమే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాల్లో శృంగార్, ప్రజ్వల్ రెక్కవి. సువాసిని ముద్దది, వైభవ్ సగం ముద్దది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకు ప్రజ్వల్ ఇస్తున్నాం.

నాటే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. తొలకరి పడ్డాక జూన్, జులై మంచి సమయం. బొటనవేలి లావు దుంపలు పూతకు పనికొస్తాయి. సన్నవాటిని వేరే తొట్టిలో ఒక ఏడాది పెంచాలి. సుమారు రెండంగుళాల లోతు చాలు. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. నీడలో ఆకు పెరుగుతుంది, కాడ రాదు. అన్నీ కుదిరితే మూడు నెలలకు పూలకాడ తొంగిచూస్తుంది. మొగ్గలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి కాబట్టి ఒకే కాడ చాలా రోజులు ఇంటిని పరిమళంతో నింపుతుంది. చీకటిపడ్డాకే వాసన ఎందుకు ఎక్కువవుతుందని పిల్లలు అడిగారు. ఈ తెల్లపూలు రాత్రి తిరిగే రెక్కపురుగుల కోసం పూసేవి. వాటిని పిలవడానికే ఆ ఘుమఘుమ.

మన గోదావరి ఒండ్రుమట్టి సారవంతమైనదే కానీ నీరు త్వరగా వదలదు. అక్టోబరు, నవంబరు తుఫాను వానలకు దుంప కుళ్ళడానికి కారణం అదే. పెరట్లో నాటేవాళ్ళు మట్టిని జానెడు ఎత్తు పోసి గట్టు కట్టండి. తొట్టి అయితే ఎర్రమట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి, అడుగు రంధ్రం మూసుకోకుండా పెంకుముక్క పెట్టండి. పైమట్టి ఆరాకే నీళ్ళు.

పంచుకోవడంలో ఉన్న ప్రమాదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. దుంపతో పాటు వేరుబుడిపెల నులిపురుగు కూడా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరుతుంది. ఆకు పాలిపోయి, మొక్క గిడసబారి, పీకి చూస్తే వేళ్ళకు చిన్నచిన్న బుడిపెలు కనిపిస్తే ఆ దుంపలు ఎవరికీ ఇవ్వకండి. ఆ మట్టిని ఇంకో తొట్టిలో కలపకండి. నాటేముందు వేపపిండి వేయడం, ఆ మడిలో ఒక పంట బంతి పెంచడం మేలు చేస్తాయి. శృంగార్ రకం ఈ పురుగును కొంత తట్టుకుంటుంది.

లిల్లీ వాసనకు పాములు వస్తాయని భయపడి దుంపలు తిరిగి ఇచ్చేసినవాళ్ళున్నారు. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. కానీ పాము వచ్చేది ఎలుకల కోసం, కప్పల కోసం, దాక్కునే చోటు కోసం. గుబురుల కింద చెత్త లేకుండా ఊడ్చుకోండి, ఇటుకల కుప్పలు తీసేయండి. మిద్దె మీద తొట్లలో నిశ్చింతగా పెంచుకోండి.

లిల్లీతో పాటు ఇంకొన్నింటిని ప్రయత్నించాం. భూచంపకం నా మనసు దోచింది. చలికాలంలో ఆకు మొత్తం ఎండిపోతుంది, తొట్టి ఖాళీ అనిపిస్తుంది. ఎండాకాలంలో ఆకు కంటే ముందే నేలలోంచి నేరుగా పువ్వు వస్తుంది. ఆకు లేదని తొట్టి పారబోయకండి! అల్లం కుటుంబానికి చెందిన తెల్లని డోలనచంపాకు తడి, కాస్త నీడ కావాలి. స్నానాలగది పక్కన నీరు పారేచోట బాగా పెరిగింది. సాలీడు కాళ్ళలాంటి రెక్కలున్న తెల్ల స్పైడర్ లిల్లీ ఏ సంరక్షణా లేకుండా పూస్తుంది కానీ, ఉల్లిపాయలా కనిపించే దాని దుంప విషం. వంటింటి దరిదాపుల్లో, పిల్లల చేతికి అందేచోట ఉంచవద్దు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, సన్నదుంపలు పెంచడానికి సంఘం స్థలంలో ఉమ్మడి మడి. రెండు, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని సభ్యులంతా చూసి రావడం. రెండింటిపైనా సమావేశంలో మీ అభిప్రాయం చెప్పండి.

తొలకరి ముందు మళ్ళీ దుంపల పంపకం ఉంటుంది. ఇచ్చేవాళ్ళు ఆకు పండగానే నీళ్ళు ఆపి, తవ్వి, మట్టి దులిపి, నెల రోజులు నీడలో ఆరబెట్టి తీసుకురావాలి. సంచి మీద రకం పేరు, రెక్కదో ముద్దదో రాయండి. దుంపలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పేరు లేని సంచులను విడిగా ఉంచుతాం. తీసుకునేవాళ్ళు తొట్టి, మట్టి ముందే సిద్ధం చేసుకుని రండి.

– కార్యదర్శి