పదును చూడకుండా విత్తిన రెండు లాట్లు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. పడుతున్న షేర్ మార్కెట్‌కు ఎదురెళ్లి ఇప్పుడే కొనడమా, తిరిగిందని రూఢి అయ్యేదాకా ఆగడమా అని అడిగావు. దానికి జవాబుగా 2020 మార్చిలో నేను చేసిన నిర్వాకం చెబుతాను. సిగ్గుపడి అప్పట్లో నీకు కూడా చెప్పలేదు.

ఆ జనవరిలో 12,430 దాకా వెళ్లిన నిఫ్టీ, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ, మార్చి 12న ఒక్కరోజులోనే ఎనిమిది శాతానికి పైగా పడి 9,590 వద్ద ముగిసింది. ఇంతకంటే ఇంకేం పడుతుందిలే అనుకుని, ముగింపు వేళకు నిఫ్టీ మీద ఒక ఫ్యూచర్స్ లాట్ కొన్నాను. అంటే మొత్తం ధర కాక, అందులో కొంత భాగమే మార్జిన్‌గా కట్టి తీసుకున్నాను; సూచీ పడ్డకొద్దీ ఆ నష్టాన్ని భర్తీ చేస్తూ ఉండాలి. మర్నాడు తెరిచిన కొద్ది నిమిషాలకే సూచీ పది శాతం పడి సర్క్యూట్, అంటే ట్రేడింగ్ ఆపేసే హద్దు, తాకడంతో ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. ఆ ముప్పావుగంటసేపు కదలని అంకెలనే చూస్తూ కూర్చున్నాను. పక్కన పెట్టిన కాఫీ మీగడ కట్టింది. మళ్లీ తెరిచాక, 8,555 దాకా దిగిన సూచీ అక్కడినుంచి లేచి 9,955 వద్ద ముగిసింది. ఇంతకు మించిన నిదర్శనం ఏం కావాలని రెండో లాట్ కూడా కొన్నాను.

ఆ తర్వాత దాదాపు రోజూ మార్జిన్ కట్టడమే పని అయింది. 23వ తేదీ సోమవారం మళ్లీ సర్క్యూట్ పడింది. ఆ ఒక్కరోజే 13 శాతం పోయి నిఫ్టీ 7,610కి చేరింది. కట్టడానికి ఇక డబ్బు లేక రెండూ అమ్మేశాను. అప్పట్లో లాటుకు 75 యూనిట్లు, అంటే సూచీ ఒక్క పాయింటు పడితే లాటుకు 75 రూపాయలు పోయేవి కాబట్టి పోయింది మూడు లక్షల పైచిలుకు. సూచీ 7,511 వద్ద అడుగు తాకింది ఆ మర్నాడే!

మొదటి లాట్ తెగింపు, ఒప్పుకుంటాను. నన్ను ఎక్కువగా బాధించేది రెండోది, ఎందుకంటే ఒక్కరోజు ఎగురుడును నేను నిర్ధారణ అనుకున్నాను. తొలకరి చినుకు పడగానే పత్తి గింజ పెట్టి, మొలక మాడిపోయి, మళ్లీ విత్తనాలు కొనుక్కునే రైతులను మనం చూడలేదా? 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తమని వ్యవసాయ అధికారులు ఏటా మొత్తుకుంటారు. పెద్దవాళ్లయితే మట్టిని గుప్పిట పట్టి, ముద్ద కడుతుందో లేదో చూసి పదును, అంటే విత్తడానికి చాలినంత తేమ, ఉందో లేదో చెప్పేవారు.

ఆ ఏడాది మార్కెట్‌లో పదును జూన్ మొదట్లో కనిపించింది. ఏప్రిల్ చివర 9,889 దాకా లేచిన నిఫ్టీ మే నెలలో 8,800 దగ్గరికి దిగినా మార్చి అడుగును తాకకుండా ఆగి, జూన్ 2న ఏప్రిల్ శిఖరానికి పైన ముగిసింది. కిందటిసారికంటే ఎత్తున ఒక పల్లం, దానికంటే ఎత్తున ఒక శిఖరం. నాకు ఆ రెండూ చాలు. అక్కడ కొంటే అడుగు కంటే 32 శాతానికి పైగా ఎక్కువ ధర పెట్టినట్టే, అంటే నేను తొందరపడి కొన్న మొదటి లాట్ ధరకంటే కూడా ఎక్కువే! అయినా 8,800 కింద స్టాప్‌లాస్, అంటే ధర అక్కడికి పడితే అమ్మేసే ఆర్డర్, పెట్టుకుంటే, ఎక్కడ తప్పుకోవాలో కొనకముందే తెలిసి ఉండేది. నాకు మార్చిలో అలాంటి గీత ఏదీ లేదు.

సూచీ తన గత 200 రోజుల ముగింపుల సగటును దాటితేనే కొంటానన్న మా సహోద్యోగికి జూలైలో 10,800 పైన గాని అవకాశం రాలేదు. సెప్టెంబరు 24న సూచీ మళ్లీ అక్కడికే దిగి ఆయన ఓపికను పరీక్షించింది. డిసెంబరు చివరికి అది 13,981. ఆయనకు నష్టమేమీ రాలేదు గాని, అంత ఆలస్యం నావల్ల కాదు.

ఇంకొక మాట. నేను ఫ్యూచర్స్ కాక సొంత డబ్బుతో నిఫ్టీ ఈటీఎఫ్ (సూచీని అనుసరిస్తూ షేరులా కొనుక్కోగలిగే ఫండ్) కొని ఉంటే, అదే తప్పు ధర జూన్ కల్లా తిరిగి వచ్చేది. కాబట్టి నువ్వు పెట్టబోయేది దాచుకున్న డబ్బా, మార్జిన్ మీద తీసుకునేదా అన్నది ముందు రాయి. మార్జిన్ అయితే మాత్రం, వచ్చే ఆదివారం నేను వచ్చేదాకా ఏదీ కొనకు.

నీ
మిత్రుడు