బ్యాటరీ పోవడానికి నా ఛార్జింగ్ అలవాట్లే కారణం అని రాసిన మీ జాబ్ షీట్ మీద ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ హెడ్ గారికి,

నమస్తే అండి. మీ ఫోన్ కొని 14 నెలలు అయింది. నిన్న మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చిన జాబ్ షీట్ ఇప్పుడు నా ముందే ఉంది. కంప్లయింట్ అన్న గడిలో "బ్యాటరీ తొందరగా దిగిపోతోంది, ఉన్నట్టుండి ఆఫ్ అవుతోంది" అని నేను చెప్పిందే రాశారు, దాని కింద కారణం దగ్గర మాత్రం "కస్టమర్ ఛార్జింగ్ అలవాట్లు సరిగా లేవు" అని ఒక్క లైన్ రాసేసి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పడానికే ఈ లెటర్, కాస్త పెద్దదే, కానీ దయచేసి మొత్తం చదవండి.

ఇది మొదలైంది ఫోన్ కొన్న 10వ నెలలో, అంటే వారంటీ ఉండగానే. మా నాన్నగారు డాక్టర్ దగ్గర నుంచి బయటికొచ్చి నాకు రిపోర్ట్ గురించి చెప్తున్నారు, 31 శాతం ఉంది కదా అని నేను ధైర్యంగా మాట్లాడుతున్నా, మాట మధ్యలో స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఛార్జర్ వెతికి పెట్టి ఆన్ చేస్తే 28 చూపిస్తోంది, అంటే ఛార్జ్ అయిపోయి ఆగలేదన్నమాట. తర్వాత తెలుసుకున్నది ఏంటంటే బ్యాటరీ పాతబడేకొద్దీ లోపల రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఒక్కసారి ఎక్కువ పవర్ లాగితే వోల్టేజ్ కిందికి పడిపోతుంది, ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. ఈ సంగతి మీ వాళ్ళకి తెలియకుండా ఉండదు.

అదే రోజు మీ చాట్‌లో రాశాను. "బ్యాటరీకి ఏం కాలేదు, క్యాలిబ్రేషన్ పోయింది, ఫోన్ దానంతట అదే ఆఫ్ అయ్యేదాకా వాడి తర్వాత మధ్యలో తీయకుండా 100 దాకా పెట్టండి, రోజూ ఇలా చేయండి" అన్నారు. స్క్రీన్‌షాట్లు జత చేస్తున్నాను. కంపెనీ వాళ్ళే చెప్పారు కదా అని ఆరు వారాలు అక్షరం పొల్లుపోకుండా చేశాను. క్యాలిబ్రేషన్ అంటే ఫోన్ చూపించే శాతం లెక్క, అది తప్పితే సరిచేసుకోవడానికి ఎప్పుడో ఒకసారి అలా చేస్తే పర్లేదు, కానీ రోజూ సున్నా దాకా దించమనడం పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా. లిథియం అయాన్ బ్యాటరీకి అలా పూర్తిగా ఖాళీ చేయాల్సిన అవసరమే లేదు, పైగా రోజూ చేస్తే అరుగుదల ఇంకా ఎక్కువవుతుంది. ఆరు వారాల తర్వాత మళ్ళీ అడిగితే అప్‌డేట్ వస్తుంది ఆగండి అన్నారు, అప్‌డేట్ వచ్చేలోపు 12 నెలలు దాటిపోయాయి. ఇప్పుడు వారంటీ లేదు, పైగా తప్పు నాది!

సరే ఏ అలవాటు అని మీ ఇంజనీర్‌ని అడిగాను. రాత్రంతా ఛార్జింగ్ పెడతారు కదా అన్నారు. అవును పెడతాను. మీ బాక్స్‌లో వచ్చిన చిన్న పుస్తకంలో ఫుల్ అవ్వగానే ఛార్జింగ్ ఆగిపోతుంది, రాత్రంతా ఉన్నా ప్రమాదం లేదు అని ఉంది. ప్రమాదం లేదన్నది నిజమే, ఓవర్‌ఛార్జ్ కాకుండా సర్క్యూట్ చూసుకుంటుంది. కానీ ప్రమాదం లేకపోవడం వేరు, బ్యాటరీ అరగకపోవడం వేరు. 100 దగ్గర సెల్ వోల్టేజ్ అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది, అక్కడే గంటలు గంటలు ఉంచితే, దానికి వేడి కూడా తోడైతే, లోపలి కెమికల్స్ తొందరగా పాడవుతాయి. ఒకరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంటే కేస్ మీద నుంచే వెచ్చగా తగిలింది, ఎప్పుడు ఫుల్ అయిందో, అప్పటినుంచి అలాగే ఉంది. ఆ ముక్క మీ పుస్తకంలో ఒక్క లైన్ రాసి ఉంటే నేను ఆ రోజే మానేసేవాణ్ణి.

నా తప్పు అసలు లేదని అనను, ఫాస్ట్ ఛార్జర్ పెట్టి వీడియో కాల్స్ మాట్లాడిన రోజులు ఉన్నాయి, అప్పుడు ఫోన్ బాగా వేడెక్కేది. కానీ ఛార్జింగ్ పెట్టి వాడుకోవచ్చు అన్నట్టు యాడ్‌లో చూపించేది మీరే.

అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకోటి. 80 దగ్గర ఛార్జింగ్ ఆపేసే సెట్టింగ్ మీ పెద్ద మోడల్‌లో ఉంది, నా ఫోన్‌లో లేదు. రెండిట్లో సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకటే, నేను పక్కపక్కన పెట్టి చూశాను. మీ ఇంజనీర్ తన టాబ్ తిప్పి చూపిస్తే బ్యాటరీ హెల్త్ (కొత్తప్పటి కెపాసిటీలో ఇప్పుడు మిగిలింది) 71 శాతం, 386 సైకిల్స్ (మొత్తం కలిపి 100 శాతం ఛార్జ్ వాడితే ఒక సైకిల్) అని కనిపించింది, అదే నా ఫోన్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా ఎక్కడా లేదు. చూసుకునే దారి లేదు, ఆపుకునే దారి లేదు, అలవాటు మాత్రం నాదంటారు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్తగా మార్కెట్‌లోకి వచ్చే ఫోన్ల బ్యాటరీకి 800 సైకిల్స్ తర్వాత కూడా కనీసం 80 శాతం కెపాసిటీ మిగలాలని రూల్ ఉంది, నాది అందులో సగం సైకిల్స్ కూడా తిరగకుండానే 71కి వచ్చింది. దీన్ని ఒక్క అలవాటు మీదికి ఎలా తోసేస్తారండి?

అందుకే అడుగుతున్నాను, మొదటి కంప్లయింట్ వారంటీలో ఉండగానే ఇచ్చాను కాబట్టి బ్యాటరీ ఫ్రీగా మార్చండి, జాబ్ షీట్‌లో ఆ లైన్ తీసేసి కొత్తది ఇవ్వండి. వచ్చే అప్‌డేట్‌లో 80 లిమిట్, హెల్త్, సైకిల్స్ ఈ మోడల్‌కి కూడా ఇవ్వండి, నాలాగా కొన్నవాళ్ళు చాలామంది ఉంటారు. చాట్‌లో రోజూ సున్నా దాకా దించమని చెప్పడం మాత్రం ఇవాళే ఆపించండి, ఎందుకంటే నేను ఇది రాస్తుండగా కూడా ఎవరో ఒకరు ఆ మాట నమ్మి చేస్తూ ఉండొచ్చు.

చాట్ స్క్రీన్‌షాట్లు, జాబ్ షీట్ ఫోటో, బిల్లు జత చేశాను. 15 రోజుల్లో మెయిల్‌లోనే జవాబు ఇవ్వండి, కాల్ చేస్తే మాట మధ్యలో ఫోన్ ఆగిపోతోంది.

ఇట్లు,
మీ కస్టమర్